తెల్లసొన

"తొంభై గుడ్లట," అంది పరస్కీవా. "తొంభై పచ్చసొనలు. నా ఇంటి గుట్టు నాకు కుక్క చెప్పాల్సి వచ్చింది."

సాండా ఇంకా కోటు విప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చి తలుపు వేస్తూండగానే వంటింట్లోంచి ఆ మాట వినబడింది. లోపల అత్తగారు బల్ల ముందు కూర్చుని, ఉబ్బిన కాళ్ళు రెండూ ఎదుటి స్టూలు మీద చాపుకుని ఉంది. ఆమె ముందు పొద్దున సాండా మూతపెట్టి వెళ్ళిన పళ్ళెం ఉంది. మెత్తగా మెదిపిన తెల్ల చిక్కుడు గింజల ముద్ద, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. చెంచా దిగిన జాడ లేదు.

"ఏ కుక్క అత్తయ్యా?"

"ఈ మెట్ల మీద ఎన్ని కుక్కలున్నాయి? రెండో అంతస్తు అగ్లాయా కుక్క. పాపం, మట్టల ఆదివారం నేను చర్చికి దిగలేకపోయానని, అక్కడ దీవించిన విల్లో చెట్టు రెమ్మ ఇవాళ పట్టుకొచ్చింది అగ్లాయా. పుఫి గాడూ వెంట వచ్చాడు. 'చూడు పరస్కీవా, వీడి బొచ్చు ఎలా నిగనిగలాడుతోందో. అంతా మీ కోడలి చలవే. రోజూ రెండు ఉడికిన పచ్చసొనలు పంపుతోంది, చల్లగా ఉండాలి తల్లి' అంది. నేను కూడా చల్లగా ఉండాలి అన్నాను. ఇంకేమనను?"

సాండా కోటు తగిలించింది. కోటు తగిలించడానికి అంతసేపు అక్కర్లేదు.

పచ్చసొన కలిపితే ముద్ద రంగు మారుతుంది. తెల్లసొన అయితే చిక్కుడు గింజలో కలిసిపోతుంది, పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నలభై నాలుగు రోజులు అదే చేసింది. మిగిలిన పచ్చసొనలు చెత్తబుట్టలో వేస్తే ఇవాళ ఈ గొడవ ఉండేది కాదు. చెయ్యి రాలేదు. ఈ ఇంట్లో ఎండిన రొట్టె తునక కూడా పారేయకూడదని ఇరవై రెండేళ్ళుగా నేర్పిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసంలో నా నోట్లో గుడ్డు పెట్టావు," అంది పరస్కీవా.

"తెల్లసొన ఒక్కటే అత్తయ్యా."

"ఓహో. కోడి దాన్ని విడిగా పెట్టిందా?"

"చెబితే మీరు తినేవారు కాదు."

"తినేదాన్ని కాదు. అందుకే దాన్ని ఉపవాసం అంటారు."

కింద వీధిలో ట్రాము మలుపు తిరిగింది. గాజు తలుపుల అలమరలో గ్లాసులు సన్నగా మోగి ఆగాయి. ఇద్దరూ అటు చూడలేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఓడల కర్మాగారం క్యాంటీన్లో వండాను," అంది పరస్కీవా. "పూటకి ఎనిమిది వందల పళ్ళేలు. ఉప్పు చిటికెడు ఎక్కువైతే రుచి చూడక్కర్లేదు, ఆవిరి పీల్చి చెప్పేదాన్ని. ఈ ముద్ద నీకు నేర్పిందెవరు? నేను. అందులో గుడ్డు కలిపితే నా నాలుక్కి..."

ఆగిపోయింది. పాపం సంగతి కన్నా ఈ సంగతే ఆమెకి ఎక్కువ బాధగా ఉందేమో అనిపించింది సాండాకి. ఆ అనుమానం పైకి అనదగింది కాదు.

"రేపు ఫాదర్ గెనాది దగ్గర పాపాలు చెప్పుకోవాలి. ఎల్లుండి పెద్ద గురువారం, సత్ప్రసాదం తీసుకోవాలి. ఏ మొహంతో వెళ్ళను?"

"ఆయన ఫిబ్రవరిలోనే అన్నారు కదా. జబ్బు మనిషికి ఉపవాసం లేదు, గుడ్లూ జున్నూ తినమన్నారు. నా ఎదురుగానే అనుమతి ఇచ్చారు."

"ఆయన ఇచ్చారు. నేను పుచ్చుకోలేదు."

సాండా కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిసంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఈ కాగితం గురించి ఎలా మొదలుపెట్టాలా అని ఆసుపత్రి నుంచి ఇంటిదాకా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. కూర్చుకున్న మాటలేవీ ఇప్పుడు పనికొచ్చేలా లేవు.

"ఇది ఈరోజుది. నిన్న మీ చేతినుంచి తీసిన రక్తం. ఆల్బుమిన్ ఒకటి పాయింట్ తొమ్మిది ఉంది."

"ఎంత ఉండాలి?"

"మూడున్నరకి తగ్గకూడదు."

"ఫిబ్రవరిలో ఎంత?"

"రెండు పాయింట్ నాలుగు."

ఎనిమిది వందల పళ్ళేల మనిషికి కూడికలూ తీసివేతలూ కొత్త కాదు. "అంటే నలభై నాలుగు రోజులు నువ్వు నాకు గుడ్లు పెట్టావు. ఇది తగ్గింది."

"అవును."

"కుక్క బొచ్చు మాత్రం పెరిగింది."

సాండాకి నవ్వు రాబోయింది. ఆపుకుంది. అత్తగారు నవ్వుతూ అనలేదు.

ఇరవై మూడేళ్ళుగా సాండా పని రక్తంతోనే. గలాట్సి నగరం ఆసుపత్రి ప్రయోగశాలలో రోజుకి రెండు వందల గొట్టాలు ఆమె చేతుల మీదుగా వెళ్తాయి. ఫిబ్రవరిలో అత్తగారి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టనప్పుడు తనే రక్తం తీసి తనే పరీక్ష చేసింది. ఈ వయసులో సరైన తిండి లేకే అన్నాడు వీధి చివరి డాక్టరు. సాండా కూడా అలాగే అనుకుంది. ఏడాదిలో సగం రోజులు ఏదో ఒక ఉపవాసం పేరుతో బంగాళాదుంపలూ ఊరబెట్టిన క్యాబేజీ తినే మనిషిని చూసి ఎవరైనా అదే అనుకుంటారు. మూత్రం కూడా పరీక్ష చేద్దాం అంది ఒకసారి. పరస్కీవా ఇల్లెగిరిపోయేలా అరిచింది. రక్తం కావాలంటే తీసుకో, ఆ సీసా మాత్రం నీ స్నేహితురాళ్ళందరి ముందూ వరసలో పెడతావా అని. సాండా మళ్ళీ అడగలేదు.

"ఇంతకీ ఏం చేస్తుంది అది?" అంది పరస్కీవా కాగితాన్ని వేలితో దూరంగా నెడుతూ.

"తెల్లసొనలో ఉండేలాంటి మాంసకృత్తే. రక్తంలో నీటిని పట్టి ఉంచుతుంది. మీకు తెలియనిదేముంది, పులుసులో పిండి చాలకపోతే నీళ్ళు నీళ్ళే, గింజలు గింజలే. విడిపోతాయి. అలాగే ఇది చాలకపోతే రక్తనాళాల్లో నీళ్ళు నిలవవు. బయటికి ఊరి, కాళ్ళలోకి దిగుతాయి. మీరు మింగిన మందుల్ని మోసుకెళ్ళేదీ అదే."

"మరి గుడ్లు తిన్నా ఎందుకు పెరగలేదు?"

"ఇవాళ డాక్టర్ మిరోన్‌ని అడిగాను. మూత్రపిండాల డాక్టరు. తయారవడంలో లోటు లేదేమో, ఎక్కడినుంచో పోతోందేమో చూడమన్నాడు. మూత్రపిండాల జల్లెడలో కన్నాలు పెద్దవైతే అందులోంచి పోతుందట. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోసి ఏం లాభం?"

"అయితే నీ ఆసుపత్రిలో అందరికన్నా తెలివైనదానివి నువ్వే. చిల్లుకుండలో నలభై నాలుగు రోజులు గుడ్లు పోశావు."



"ఆ సబ్బు సంగతి కూడా అలాగే," పరస్కీవా ఊపు మీద ఉంది. ఒక తప్పు దొరికినప్పుడు పాతవన్నీ పక్కన నిలబెట్టడం ఆమె అలవాటు. "ఎన్ని నెలల నుంచి మొత్తుకుంటున్నాను, టాయిలెట్ కడిగే ఆ సబ్బు మందు అంత పొయ్యకు, పొయ్యకు అని. వెళ్ళిన ప్రతిసారీ నురగే నురగ. నీళ్ళు రెండుసార్లు వదిలినా పోదు. చెబితే వింటావా?"

సాండా తలెత్తింది.

"ఎప్పుడు చూశారు నురగ?"

"ఎప్పుడేమిటి? పొద్దున కూడా."

"అత్తయ్యా, కొత్త సంవత్సరం నుంచి నేను ఆ మందు కొనడం లేదు. మీ పోరు పడలేక వెనిగర్‌తో కడుగుతున్నాను."

"మరి ఆ నురగ?"

"వెనిగర్‌కి నురగ రాదు."

పరస్కీవా ఆమెవైపు చూసింది. ఏ వంటమనిషికైనా ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తెల్లసొన గిలక్కొడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఈస్టర్ కేకుల కోసం పెద్ద పెద్ద గంగాళాల్లో గిలక్కొట్టిన చేతులవి.

"అది నాదా?" అంది.

"మీదే."

ఇద్దరిలో ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో తేలలేదు. సీసాలో మూత్రం ఇవ్వనన్నది ఒకరు. ఇంట్లో వారానికి మూడుసార్లు ఆ సబ్బు దెప్పుడు వింటూ, పరీక్షలు చేయడమే పనిగా బతుకుతూ కూడా, వినిపించుకోనిది ఇంకొకరు. సాండా తన చేతులకేసి చూసుకుంది. రెండు వందల గొట్టాల చేతులు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి బెడ్ ఇస్తానన్నాడు డాక్టర్ మిరోన్," అంది. "ఆల్బుమిన్ సీసా ఎక్కిస్తారు, దాంతోపాటు నీళ్ళు తీసే ఇంజెక్షన్ ఇస్తారు. కాళ్ళు కాస్త తగ్గాక మూత్రపిండంలోంచి చిన్న ముక్క తీసి చూస్తారు. జబ్బేదో తెలిస్తే మందుంది."

"ఈస్టర్ అయ్యాక వస్తాను."

"ఇంత తక్కువ ఉంటే రక్తం గడ్డకడుతుంది అత్తయ్యా. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇక ఏం చేయడానికీ ఉండదు. ఆదివారందాకా ఆగొద్దన్నాడు. రెండుసార్లు చెప్పాడు."

"ఆ సీసాలో ఏముంటుంది?"

"చెప్పాను కదా. ఆల్బుమిన్."

"కోడిదా?"

"మనుషులది. రక్తం ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచి తీస్తారు. ఎర్రది తీసేస్తే మిగిలే పసుపు నీళ్ళలోంచి. పలచటి టీ రంగులో ఉంటుంది."

"ఎవరి రక్తం?"

"ఒకరిదని చెప్పలేం. వేలమందిది కలుపుతారు."

 "వాళ్ళు ఉపవాసం ఉన్నారా?"

ఈ ప్రశ్నకి ప్రయోగశాలలో ఏ యంత్రమూ జవాబు చెప్పదు. సాండా లేచి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. అత్తగారు తన చేతి టీ తాగుతుందో లేదో తెలియదు. ఖాళీగా కూర్చోలేక పెట్టింది.

"నా ప్రాణం కోసం కాదు ఇదంతా," అంది వెనకనుంచి పరస్కీవా. గొంతు మారింది. కోపంలో ఉన్నప్పటికన్నా చిన్నగా, మామూలుగా ఉంది. "నువ్వు బ్రయిలాలో మీ అక్క ఇంట్లో ఉన్నావు గుర్తుందా?"

గుర్తుంది. ఆరేళ్ళ కిందట ఒక సంచీ సర్దుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది సాండా. భర్త టిబి తాగి పనికి వెళ్తే, డిపోవాళ్ళు అతన్ని నడిపే ట్రాము మీంచి తీసేసి షెడ్డులో చక్రాలకి గ్రీజు పూసే పనిలో పడేసిన రోజులవి. ఏడు వారాలు అక్కడే ఉంది. అతను తాగడం మానేశాడని తెలిశాకే తిరిగొచ్చింది. ఏడాది గడిచాక డిపోవాళ్ళు మళ్ళీ ట్రాము ఇచ్చారు.

"అప్పుడు మొక్కుకున్నాను," అంది పరస్కీవా. "దేవుడి తల్లి పటం ముందు. వాడు ముట్టకుండా ఉన్నన్నాళ్ళూ నేను పెద్ద ఉపవాసం ఒక్క పూట కూడా తప్పనని. మర్నాటి నుంచి వాడు ముట్టలేదు. నేను తప్పలేదు. అందుకే గెనాది ఇచ్చిన అనుమతి పుచ్చుకోలేదు. చర్చి ఉపవాసమైతే ఆయన సడలించొచ్చు. ఇది నాది."

నీళ్ళు మరుగుతున్నాయి. సాండా మంట తగ్గించలేదు.

ఆ సంచీ వల్లే, ఆ బస్సు వల్లే టిబి మారాడని ఆరేళ్ళుగా అనుకుంటోంది సాండా. ఎవరితోనూ అనలేదు, అతనితో కూడా. కష్టమొచ్చిన రోజున లోపల తడిమి చూసుకునే ధైర్యం అది. అదే ఇంట్లో, గోడకి అవతల, ఇంకొక మనిషి అదే పనిని తన పస్తులతో తనే చేశానని నమ్ముతూ బతికింది. ఇద్దరూ ఒకే బల్ల మీద భోంచేశారు.

"చెబితే నేను కలిపేదాన్ని కాదు," అంది సాండా.

"మొక్కు ఊరందరికీ చెప్పుకుంటారా?"

"నేను ఊరా?"

 "వాడికి చెప్పకు," అంది.

"ఏది? గుడ్డా, మొక్కా?"

"రెండూ."

కానీ గుడ్డు సంగతి అప్పటికే రెండో అంతస్తు దాటి పైకి వస్తోంది. టిబి మెట్లెక్కుతూనే నవ్వుతున్నట్టు వినబడింది. తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, డిపో చొక్కా, చేతిలో టోపీ.

"అమ్మా, పుఫిగాణ్ణి చూశావా? అగ్లాయా నన్ను ఆపి మరీ చూపించింది. సినిమాల్లో వేషాలకి పంపొచ్చు వాణ్ణి!" అని పళ్ళేన్ని చూశాడు. తర్వాత తల్లిని, తర్వాత భార్యని. టోపీ అలమర మీద పెట్టాడు. "అయితే గుట్టు బయటపడిందన్నమాట."

"నీకు ముందే తెలుసా?" అంది సాండా.

"ఫ్రిజ్ అడుగున సొరుగు నిండా గుడ్లు. ఉపవాసం ఇల్లు. నేను ట్రాము నడుపుతాను గాని గుడ్డివాణ్ణి కాదు కదా."

"నాకు చెప్పలేదే నువ్వు?" అంది పరస్కీవా.

"నువ్వు తింటున్నావు కదమ్మా. చెబితే మానేస్తావు."

తన మాటే అతని నోట వినబడేసరికి సాండాకి ఊరట కలగలేదు. ఇప్పుడు తప్పు చేసినవాళ్ళు ఇద్దరయ్యారు, అంతే.

ఆమె కాగితం సంగతి, బెడ్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. గడ్డ మాట చెప్పేటప్పుడు అతను కూర్చున్నాడు.

"రేపే వెళ్ళాలి," అన్నాడు.

"ఈస్టర్ అయ్యాక వెళ్తాను," అంది తల్లి. "పాడైనదాన్ని ముందు చక్కబెట్టుకోవాలి. ఈ నాలుగు రోజులూ నీళ్ళతో, రొట్టెముక్కతో సరిపెట్టుకుంటాను. గెనాది ఇంకేమైనా శిక్ష వేస్తే అదీ చేస్తాను. అప్పుడు వస్తాను, ఏ సీసా పెట్టుకుంటారో పెట్టుకోండి."

"నాలుగు రోజులు నీళ్ళూ రొట్టెముక్కా! ఈ కాళ్ళతో!"

"నా కాళ్ళు నా ఇష్టం రా."

"మొక్కు కోసమేనా?" అన్నాడు టిబి.

పరస్కీవా కోడలివైపు చూసింది. సాండా తల అడ్డంగా ఊపింది.

"తను చెప్పలేదులే. సఫ్తా పిన్ని చెప్పింది, నాలుగేళ్ళయింది," అన్నాడు టిబి. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వాటికేసి చూస్తూ మాట్లాడాడు. "అమ్మా, పోయినేడాది పెద్ద ఉపవాసంలో సాండా శిక్షణకని యాషి వెళ్ళింది. గుర్తుందా?"

"నీకు జ్వరమొచ్చింది. మూడు రోజులు పనికి వెళ్ళలేదు."

"జ్వరం కాదు."

టిబి కాగితాన్ని పక్కకి జరిపాడు.

"మూడు రోజులు తాగాను. గదిలో. నువ్వు తలుపు ముందు చారు పెట్టి వెళ్ళావు, పాపం, దగ్గరికొస్తే నీకూ అంటుకుంటుందని నేనే రావొద్దన్నాను. నాలుగో రోజు మానేశాను. తను వచ్చేసరికి కిటికీలు తీసి, దుప్పట్లు ఉతికి ఆరేశాను."

ఉతికిన దుప్పట్లు సాండాకి గుర్తున్నాయి. ఆరోజు ముచ్చటపడింది. యాషి నుంచి వచ్చి, ఆ సంగతి ప్రయోగశాలలో నలుగురికీ చెప్పుకుంది కూడా.

"పోయినేడాది నువ్వు ఉపవాసం తప్పావా?" అన్నాడు టిబి.

"లేదు," అంది పరస్కీవా.

"ఒక్క పూటైనా?"

"ఒక్క పూట కూడా తప్పలేదు."

"మరి? ఈ యేడు నలభై నాలుగు రోజులు గుడ్డు తిన్నావు. నేను చుక్క ముట్టలేదు. రోజూ తెల్లవారుజామున డిపోలో గొట్టంలో ఊదిస్తారు. సున్నా వస్తేనే తాళం ఇస్తారు. రోజూ సున్నాయే."

పరస్కీవా కాళ్ళు స్టూలు మీంచి ఒక్కొక్కటే దించింది. దించడానికి రెండు చేతులూ కావాల్సివచ్చాయి. సాయం చేయడానికి లేచిన సాండా, ఆమె ముఖం చూసి, మళ్ళీ కూర్చుంది.

"అయితే ఈ యేడు నిన్ను ఆపిందెవరు?" అంది పరస్కీవా.

టిబి తల్లివైపు చూశాడు. తర్వాత సాండావైపు చూశాడు. తన పేరు చెబుతాడేమోనని తను ఎదురుచూస్తున్నట్టు సాండాకి అప్పుడే తెలిసింది. అత్తగారు కూడా అలాగే చూస్తోంది.

"తెలియదమ్మా," అన్నాడు.

పొయ్యి మీద నీళ్ళు సగం ఇంకిపోయాయి. సాండా లేచి మంట ఆర్పింది.

"ఇటు రా," అంది పరస్కీవా కొడుకుతో. "వంగు. ఊదు."

"అమ్మా..."

"డిపోవాళ్ళకి ఊదుతావు, నాకు ఊదవా?"

యాభై ఏళ్ళ మనిషి కుర్చీ పక్కన వంగి తల్లి ముఖం మీద ఊదాడు. ఆవిరి పీల్చి ఉప్పు చెప్పిన మనిషి కళ్ళు మూసుకుని పీల్చింది.

"పచ్చి ఉల్లిపాయ," అంది. "ఆవాల ముద్ద. ఇంకేం లేదు." అని, "సాండా, నువ్వూ చూడు. నా ముక్కుని కూడా నమ్మడానికి లేదు ఇప్పుడు."

"నేను చూడక్కర్లేదు అత్తయ్యా."

"ఏం?"

ఆ మాటకి ఇంకో జవాబు చెప్పొచ్చు. అలసిపోయి ఉంది. ఉన్నది చెప్పేసింది. "ఆరేళ్ళ నుంచి రోజూ చూస్తున్నాను. ఆయన నిద్రపోయాక."

టిబి నడుము నిటారుగా చేసి నిలబడ్డాడు.  పరస్కీవా కోడలివైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపులో మెప్పు ఉందో జాలి ఉందో సాండాకి అంతుపట్టలేదు.

"ఎన్నింటికన్నావు బెడ్?" అంది పరస్కీవా.

"ఎనిమిదింటికి."

"అప్పటికి వీడు ట్రాము మీద ఉంటాడు."

"నేను ఉంటాను. సెలవు పెట్టాను."

"నీ చేతి తిండి తినను."

"సరే."

"ఊరికే అంటున్నాననుకోకు. ఇక తినను."

"సరే అత్తయ్యా."

"నీ చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతాను. నాలుగు అంతస్తులు, మధ్యలో ఆగాలి. గెనాదికి ఫోన్ చేసి ఆసుపత్రికే వచ్చి నా పాపాలు వినమను. నేను చెప్పుకున్నాకే సీసా. ఆయన రావడం ఆలస్యమైతే సీసా కూడా ఆలస్యమే. నీ డాక్టరుకి చెప్పుకో."

"ఆయన మధ్యాహ్నందాకా ప్రార్థనల్లో ఉంటారేమో..."

"అది నీ తిప్పలు. ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఎన్ని తిప్పలు పడలేదు?"

బల్ల పట్టుకుని లేచి, గోడ వెంట నడుస్తూ తన గదిలోకి వెళ్ళింది పరస్కీవా. సొరుగు లాగిన చప్పుడైంది. బట్టలు తీస్తోంది. సాయానికి పిలవలేదు.

సాండా ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఫాదర్ గెనాది నంబరు వెతకడం మొదలుపెట్టింది. నంబరు కనబడింది. నొక్కలేదు. టిబి ఇంకా అక్కడే, బల్లకి అటువైపు నిలబడి ఉన్నాడు. యాషి గురించి అడగాలి. ఎక్కడ కొన్నాడు, ఎందుకు మానేశాడు, ఇంకెన్నిసార్లు. ఏది ముందు అడగాలో తేల్చుకునేలోగా అతనే మాట్లాడాడు.

"రోజూనా?"

"రోజూ."

"నేను నిద్రపోయాకా?"

ఆమె తలూపింది.

"నేనెప్పుడూ నిద్రపోలేదు సాండా," అన్నాడు టిబి. "నువ్వు వంగి, వాసన చూసి, అటు తిరిగి పడుకునేదాకా. ఆరేళ్ళలో ఒక్క రాత్రి కూడా."